ఎడమ పక్క తిన్నగానే ఉంది

ఆ వీధికి స్పీడ్ బ్రేకర్ కావాలని గొడవపెట్టింది జహారా టీచరే. సాయంత్రమైతే చాలు, తాయ్‌పింగ్ ఊళ్లో ఉన్న మోటార్ సైకిళ్లన్నీ తన గుమ్మం ముందే పరుగు పందెం పెట్టుకుంటున్నాయని ఆవిడ బాధ. పై వాళ్ల అనుమతి కోసం కూర్చుంటే తన ఆయుష్షు చాలదని, కాలనీ కమిటీ అధ్యక్షురాలి హోదాలో తనే సిమెంటూ కంకరా తెప్పించి, ఆదివారం పూట గొడుగేసుకుని దగ్గరుండి మరీ పోయించింది. ఎంతెత్తు పెట్టమంటారని మేస్త్రి అడిగితే "వాళ్లకి బుద్ధొచ్చేంత" అంది. ముప్ఫయ్యేళ్లు భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఏ ఖండంలో ఏ కొండ ఎంతెత్తో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తన కారు నేలకి ఎంతెత్తులో ఉంటుందో మాత్రం ఆ పూట గుర్తురాలేదు.

మంగళవారం పొద్దున దాని మీదికి మొట్టమొదట ఎక్కింది టీచరమ్మ కారే. ఎక్కింది గానీ దిగలేదు. ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. పైకప్పు ఉండదు. ఆవిడకి పాతికేళ్లప్పుడు, ఓ ఇంగ్లీషు దొర రబ్బరు తోట అమ్ముకుని దేశం వెళ్లిపోతుంటే ముచ్చటపడి కొనుక్కుంది. కడుపు సిమెంటు మీద ఆనించి, నాలుగు చక్రాలూ నేలకి అందక ఊగుతుంటే, చివరికి ఆ మోటార్ సైకిళ్ల వాళ్లే వచ్చి తలా ఓ చెయ్యి వేసి దింపారు. "బుద్ధొచ్చింది టీచర్" అన్నాడు వాళ్లలో ఒకడు, నవ్వు ఆపుకుంటూ.

బండి లాక్కొచ్చి పెట్టింది బాన్ హిన్ షెడ్డులో. బాన్ హిన్‌కి అరవై ఏడు. తండ్రి దగ్గర నేర్చుకున్న టింకరింగు పని, చేతిలో యాభై ఏళ్ల అనుభవం, నోట్లో అంతకు రెండింతలు. పెళ్లాం గైక్ సువాన్ షెడ్డు వెనకాలే వండుతుంది, ముందుకొచ్చి మొగుడి మాటలకి తాళం వేస్తుంది.

"కింద దూలం నలిగిపోయింది టీచరమ్మా. కుడి పక్క. డ్రైవర్ తలుపు కింద," అన్నాడు బాన్ హిన్ నేల మీంచి లేస్తూ.

"అది నాకూ తెలుసులే. నాకు కావలసింది తలుపు," అంది జహారా టీచర్ కర్ర మీద ఆనుకుని. "ఆ తలుపు సంగతి తేల్చు."

ఆ డ్రైవర్ తలుపు సంగతి ఊరందరికీ తెలుసు. మామూలుగా తోస్తే మూతపడదు. దిగి, మోకాలితో కిందనుంచి ఎత్తిపట్టి, నడుంతో ఒక్క తోపు తోయాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా టీచరమ్మ అలాగే తోస్తోంది. లోపల కూర్చుని వేసుకోవాలంటే, బయట ఎవరో ఒకరు ఆ పని చేసిపెట్టాలి. కిందటి నెల ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. మొన్న మార్కెట్ నుంచి వస్తూ, సరిగ్గా పడని తలుపు రౌండు తిరిగేచోట తెరుచుకుంది. తోటకూర కట్టలు, చేపల సంచీ అన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఆవిడ పడకపోవడం అదృష్టం. ఆ కబురు కౌలాలంపూర్‌లో ఉన్న కొడుకు ఫద్జిల్‌కి చేరింది. అతను ఒక పాత కార్ల పిచ్చివాణ్ణి పట్టుకుని, ఆదివారం వచ్చి బండి చూసుకోమన్నాడు.

"నేనూ ఓ మాటన్నాను వాడితో," అంది టీచరమ్మ. "ఆదివారానికి ఆ తలుపు ఒక్క చేత్తో పడితే బండి నాది. పడకపోతే నీ ఇష్టం వచ్చినట్టు అమ్ముకో అని. పిల్లల ముందు మాటన్నాక తప్పలేం కదా."

"అయిదు రోజులు చాలు," అన్నాడు బాన్ హిన్. "అసలు ఆ తలుపు ఎందుకలా అయిందో తెలుసు కదా మీకు? ఆ కదిరేసన్ గాడి చేతి మహిమ. ఎడమ చక్రాలు మురిక్కాలవలో పడితే, ఎడమ పక్క బాగు చేయమని వాడికిచ్చారు. వాడు బాగుచేశాడు, కుడి తలుపు పోయింది. నేను అప్పుడే అన్నాను..."

"ఎడమ పక్క ముట్టుకుంటే కుడి తలుపు ఊడే చెయ్యి," గైక్ సువాన్ వంటింట్లోంచి అందించింది. "ఆ మాట కాఫీ కొట్టులో పిల్లిక్కూడా వచ్చు. ఇంక ఆపి పని చూడు."

ఆ మాట నిజంగానే ఊరంతటికీ వచ్చు. బాన్ హిన్ సరదాకి అన్నదే. కాఫీ కొట్టులో నలుగురూ పగలబడి నవ్వారు కాబట్టి మర్నాడు కూడా అన్నాడు. ఆ తర్వాత అది ఊరి మాటైపోయింది. కొన్నాళ్లకి కదిరేసన్ కాఫీ కొట్టుకి రావడం మానేశాడు. ఇంకొన్నాళ్లకి కార్ల పనే మానేసి, కమున్‌తింగ్ దారిలో లారీ బాడీలు కట్టే యార్డు పెట్టుకున్నాడు. చేతకానివాళ్లకి లారీలే తగునని బాన్ హిన్ అప్పట్లో మరో మాట కూడా అన్నాడు, కానీ దానికి అంత నవ్వు రాలేదు.

టీచరమ్మ వెళ్లాక బాన్ హిన్ బండి కింది గుంటలోకి దిగి, దీపం వేలాడదీసి, ముందుగా ఎడమ పక్కే మొదలుపెట్టాడు. కదిరేసన్ ఎక్కడ ఎలా చెడగొట్టాడో తీరిగ్గా చూసి, సాయంత్రం కాఫీకి వెళ్లినప్పుడు చెప్పుకోవాలని ఉబలాటం. తారు పూత గీకుతూ పోయాడు. కింద అతుకు కనిపించింది. సన్నగా, ఒకే వెడల్పున, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా తొణక్కుండా సాగింది. బాన్ హిన్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. దారం తెచ్చి ఆ చివరికీ ఈ చివరికీ లాగి కట్టాడు. దారం దూలానికి మొదట్నుంచి చివరిదాకా ఆనుకునే ఉంది.

"ఏమయ్యా, మాటల్లేవు?" అంది గైక్ సువాన్ పైనుంచి.

"గీకుతున్నా," అన్నాడు.

కుడి పక్కన దారం కట్టాడు. సిమెంటు గుద్ది నలిపిన చోటు వదిలేసి, బాగున్న భాగానికే కట్టాడు. నడి మధ్యలో దారానికీ ఇనుముకీ నడుమ రెండు వేళ్లు పట్టాయి. మరో చోట కట్టినా రెండు వేళ్లే. ఇది ఇవాళ్టి దెబ్బ కాదు, ఎప్పటిదో పాత వంకర. కోత మిషను తీసుకుని నలిగిన ముక్క కోసి, వంచి కిందికి లాగాడు.

లోపలినుంచి పళ్లు ఇకిలిస్తూ కనిపించాయి.

నిజం పళ్లు కావు, రంగుతో వేసినవి. గులాబీ రంగు చిగుళ్లు, తెల్లటి రెండు వరసలు, పక్కన సగం చైనా అక్షరం. పాత సైన్‌బోర్డు రేకు కోసి, బొమ్మ లోపలికి పెట్టి, ఎవరో దూలానికి మాటు వేశారు. ఎవరో ఏమిటి. పక్క కొట్టు పళ్ల డాక్టర్ ఖూ చైనా కొత్త సంవత్సరానికని కొత్త బోర్డు రాయించుకుని, పాతది పారేస్తుంటే, మంచి రేకు పారేస్తావా అని తెచ్చి షెడ్డులో దాచుకున్నది బాన్ హినే.

గుంటలో బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. అంతా గుర్తొచ్చింది. కాలవలో పడ్డానికి ఓ ఏడాది ముందు, కుడి దూలం తుప్పు తినేస్తే టీచరమ్మ బండి తన దగ్గరికే తెచ్చింది. ఆ మర్నాడే చైనా కొత్త సంవత్సరం. పాత పని ఒక్కటి కూడా షెడ్డులో మిగలకూడదు. మిగిలితే ఏడాది పొడుగునా పనులు మిగిలిపోతూనే ఉంటాయని తండ్రి నేర్పిన మాట. సాయంత్రానికి ఇంటిల్లిపాదీ భోజనాలకి కూర్చోవాలి. అప్పటికింకా మూడు బళ్లున్నాయి. పైకప్పు లేని కారుకి బలమంతా ఆ రెండు కింద దూలాల్లోనే ఉంటుంది. అందుకే కోసేముందు బండిని సొంత చక్రాల మీద నిలబెట్టి, తలుపు సందులో అడ్డకమ్మీ వెల్డ్ చెయ్యాలి, లేకపోతే నడుం జారుతుంది. ఇది పని నేర్చుకునేవాడికి మొదటి వారంలో చెప్పే పాఠం. ఆ రోజు బాన్ హిన్ బండిని జాకీ మీద వేలాడదీసి, కమ్మీ లేకుండా కోసి, జారిన నడుం జారినట్టుండగానే పళ్ల బోర్డు అతికించేసి భోజనానికి వెళ్లిపోయాడు.

తలుపు అప్పుడు బాగానే పడింది. ఎడమ దూలం అప్పటికే తుప్పుపట్టి మెత్తబడి ఉంది కాబట్టి, కుడి వంకరకి అదీ వంగి సర్దుకుంది. ఏడాది తర్వాత కదిరేసన్ ఎడమ దూలాన్ని గట్టిగా, తిన్నగా వేశాడు. ఇంక వంగడానికి ఎడమ పక్క ఏమీ మిగల్లేదు. దాచుకున్న వంకరంతా కుడి తలుపులో బయటపడింది.

"ఇవి డాక్టర్ ఖూ పళ్లు కదూ?" అంది గైక్ సువాన్. ఎప్పుడొచ్చిందో, గుంట అంచున చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వంగి చూస్తోంది.

బాన్ హిన్ చేత్తో ఆ పళ్లు కప్పేశాడు.

"మన షెడ్డు బోర్డు ముక్క కదిరేసన్ చేతికెలా వెళ్లిందయ్యా?"

"వెళ్లలేదు."

ఆవిడకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పెదవి విరిచి లేచి నిలబడింది. తిట్టి ఉంటే బాన్ హిన్‌కి కాస్త తేలికగా ఉండేది. "ఇరవై ఎనిమిదేళ్లు," అని మాత్రం అని లోపలికి పోయింది.

బుధవారం పొద్దున్నుంచి అతను చేసినవన్నీ దొంగ పనులే. తలుపు కీలు కింద రేకు ముక్కలు పెట్టి ఎత్తాడు, గడియ అరగదీశాడు. తలుపు పడింది. సంతోషించేలోపు బండి రెండడుగులు తోసి చూస్తే మళ్లీ తెరుచుకుంది. వంకర అలాగే ఉండగా తలుపుని ఎంత బతిమాలితే ఏం లాభం? బండిని ఒక్క మట్టంగా ఉన్న ఇనప బల్ల మీద నాలుగు వైపులా బిగించి, నడుం మళ్లీ పైకెత్తి, అప్పుడు కొత్త దూలం వెయ్యాలి. అంత పెద్ద బల్ల అతని షెడ్డులో లేదు. ఉన్నది లారీ బాడీలు కట్టేచోట. చుట్టుపక్కల అలాంటి యార్డు ఒక్కటే ఉంది.

"కదిరేసన్ దగ్గరికేగా?" అంది గైక్ సువాన్, అతను చొక్కా మార్చుకుంటుంటే.

"బల్ల అడగడానికి. రెండు రోజులకి."

"ఇంకేం చెప్పవా?"

"అడిగితే చెబుతా."

"అతనెందుకు అడుగుతాడు?" అంది. అని, ఆ పళ్ల రేకు ముక్క పాత పేపర్లో చుట్టి, తనే తీసుకెళ్లి వ్యాన్‌లో సీటు మీద పెట్టింది.

కమున్‌తింగ్ దారిలో వాన మొదలైంది. తాయ్‌పింగ్‌లో వాన మొదలవడం వార్త కాదు గానీ, యార్డు ముందు వ్యాన్ ఆపుకుని వాన తగ్గేదాకా ఆగుదామనుకోవడానికి పనికొచ్చింది. వాన తగ్గింది. ఇంకాస్త తగ్గితే బాగుండనుకున్నాడు. చివరికి కదిరేసనే గొడుగేసుకుని బయటికొచ్చాడు. అరవై దాటిన మనిషి, జుట్టు పూర్తిగా తెల్లబడింది, చేతులు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాయి.

"తౌకే," అన్నాడు, చైనా షావుకార్లని అందరూ పిలిచినట్టే మర్యాదగా. "తడుస్తావు. లోపలికి రా."

సగం కట్టిన లారీ పక్కన స్టూలు వేసి, తియ్యటి పాల టీ పోయించాడు. బాన్ హిన్ వానల గురించి మాట్లాడాడు. ఇనుము ధర గురించి మాట్లాడాడు. ఆ తర్వాత, జహారా టీచర్ బండి దెబ్బతిందని, నీ బల్ల రెండు రోజులు కావాలని, వీలైతే నువ్వూ ఓ చెయ్యి వెయ్యాలని గబగబా చెప్పేశాడు.

టీచర్ బండి పేరు వినగానే కదిరేసన్ గ్లాసు కింద పెట్టేశాడు.

"బల్ల తీసుకో. ఎన్ని రోజులైనా తీసుకో. నన్ను మాత్రం ఆ బండి ముట్టుకోమనకు."

"కోపమా?"

"కోపం దేనికి? నా చేతికి ఆ లెక్క అందదు తౌకే. నీకు తెలియందేముంది, అందరికన్నా ముందు కనిపెట్టింది నువ్వే కదా." ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అది మరీ ఇబ్బందైంది బాన్ హిన్‌కి. "ఆ బండి ఇచ్చేశాక నాలుగు నెలలు దాని గురించే ఆలోచించాను. కొలతలు రాసుకున్న కాగితం తీసి మళ్లీ మళ్లీ చూశాను. తప్పెక్కడా దొరకలేదు. దొరికుంటే దిద్దుకునేవాణ్ణి. ఎక్కడ తప్పుతుందో తెలియని చేత్తో ఇంకోళ్ల బండి ఎలా ముట్టుకుంటాం చెప్పు? అందుకే ఇందులోకి వచ్చేశాను. లారీకి వేలెడు తేడా వచ్చినా ఎవడూ పట్టించుకోడు."

బాన్ హిన్ తను తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చాడు. అవసరమైతే తిరిగి రెండు తిట్టడానిక్కూడా మాటలు తయారుగా పెట్టుకున్నాడు. కానీ, తను నవ్వులాటకన్న మాటని ఊళ్లో అందరికన్నా ఎక్కువగా నమ్మింది ఈ మనిషేనని అతనికి కలలో కూడా తట్టలేదు. లేచి వానలోనే వ్యాన్ దాకా వెళ్లి, పేపరు చుట్ట తెచ్చి, స్టూలు మీద విప్పాడు.

"టీచరమ్మ కుడి దూలంలోది," అన్నాడు. "వేసింది నేను. కొత్త సంవత్సరం ముందురోజు. చక్రాలు గాల్లో ఉండగా, అడ్డకమ్మీ లేకుండా. నువ్వు ముట్టుకోక ఏడాది ముందు. నీ ఎడమ పక్క తిన్నగానే ఉంది కదిరేసా. దారం కట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు."

కదిరేసన్ ఆ పళ్లకేసి చూశాడు. వేలితో రేకు అంచు తడిమాడు.

"మళ్లీ చెప్పు."

"నీ ఎడమ పక్క తిన్నగానే ఉంది."

"ఇంకోసారి."

బాన్ హిన్ ఇంకోసారి చెప్పాడు. కదిరేసన్ లేచి లారీ అవతలి పక్కకి వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉన్నాడు.

"రేపు పొద్దున ఏడింటికల్లా బండి తీసుకురా. తలుపులు ఊడదీసి తీసుకురా," అన్నాడు. "నువ్వు కొయ్యకు. నేను కోస్తా."

తర్వాతి మూడు రోజులూ బాన్ హిన్ యాభై ఏళ్ల అనుభవమంతా దీపం పట్టుకోవడంలో ఖర్చయింది. కదిరేసన్ బండిని బల్ల మీద సొంత చక్రాలతోనే నిలబెట్టాడు. తలుపు సందుల్లో ఒక్కో పక్కా ఒకటి కాదు, రెండేసి కమ్మీలు వేశాడు. నడుం కింద చిన్న జాకీ పెట్టి, గంటకి అరపావు అంగుళం చొప్పున ఎత్తుతూ, ప్రతిసారీ ఆ మూల నుంచి ఈ మూలకి టేపు పట్టి కొలుస్తూ పోయాడు. కొలత ఒకసారి తీసేవాడు, కాగితం మీద వేసేవాడు, నమ్మకం చాలక మళ్లీ తీసేవాడు. జరిగినదాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. దీపం విషయంలో మాత్రం వదిలిపెట్టలేదు.

"కదపకు తౌకే."

"కదపలేదు."

"నోరు కదిలితే నీ చెయ్యి కూడా కదులుతుంది. నోరు ముయ్యి."

జీవితంలో ఎవరూ మూయించలేని ఆ నోరు మూతపడింది. మధ్యాన్నం కూర, అన్నం క్యారేజీలో పెట్టి తెచ్చిన గైక్ సువాన్, ఆ నిశ్శబ్దం చూసి, మొగుడికి ఒంట్లో బాగాలేదేమోనని నుదురు ముట్టుకుని చూసింది.

శుక్రవారం కొత్త దూలం పడింది. శనివారం తారు పూత, తలుపులు. సాయంత్రం నాలుగింటికి జహారా టీచర్ టాక్సీ దిగింది. కదిరేసన్‌ని చూసి ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆవిడ అతన్ని బజార్లో ఎన్నిసార్లు చూసిందో, అన్నిసార్లూ మొహం తిప్పుకుంది.

"ఇతనా చేస్తోంది?" అంది బాన్ హిన్ వైపు తిరిగి.

"ఇతనే. ముందు నా మాట వినండి టీచరమ్మా," అన్నాడు బాన్ హిన్. నిలబడి, మొదట్నుంచీ చెప్పాడు. పండగ, జాకీ, పళ్ల బోర్డు, ఏదీ దాచలేదు. కాఫీ కొట్టు దాకా వచ్చేసరికి కాస్త తడబడ్డాడు గానీ, అదీ చెప్పాడు. "పొద్దున కాఫీ కొట్టులో కూడా చెప్పాను. అందరూ ఉన్నప్పుడే."

"నవ్వారా?"

"ఎవరూ నవ్వలేదు."

టీచరమ్మ కర్ర ఊతంతో కదిరేసన్ ఎదుటికి వెళ్లి నిలబడింది. "ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో తెలుసా బాబూ? స్టాఫ్ రూమ్ మొత్తానికి చెప్పాను. క్లాసుల్లో ఉదాహరణకి కూడా చెప్పాను. ఆ పిల్లలకే ఇప్పుడు పిల్లలున్నారు, వాళ్లనెక్కడని వెతకను? దొరికినవాళ్లకల్లా చెబుతాను. నన్ను క్షమించు."

కదిరేసన్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "కూర్చోండి టీచర్. చూసుకోండి."

ఆవిడ కర్ర లోపలికి విసిరి, కూర్చుని, రెండు వేళ్లతో తలుపు లాక్కుంది. చిన్న చప్పుడు. అంతే, పడిపోయింది. ఆవిడ దాన్ని తోసి చూసింది, గుంజి చూసింది. తెరిచి మళ్లీ వేసింది. ఆ తర్వాత స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని సర్దుకుని కూర్చుంది. "ఫద్జిల్‌కి ఫోన్ చెయ్యాలి," అంది. "రేపు ఆ పెద్దమనిషిని రావద్దని చెప్పాలి. వస్తే భోజనం పెట్టి పంపిస్తాను గానీ, బండి మాత్రం ఇవ్వను."

ఆవిడ బండి తిప్పుకుని, యార్డు గేటు దాటి, మలుపులో మాయమయ్యేదాకా ఇద్దరూ నిలబడి చూశారు. మలుపు దగ్గర తలుపు తెరుచుకోలేదు. బాన్ హిన్ ఏదో అనబోయాడు. మూడు రోజుల అలవాటు కొద్దీ నోరు మూసుకున్నాడు.

కదిరేసన్ సామాన్లు సర్దాడు. వెల్డింగ్ కడ్డీలు కట్ట కట్టాడు, విప్పి మళ్లీ కట్టాడు. కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సగం కట్టిన లారీ దగ్గరికి నడిచి, దాని పక్కన కాసేపు నిలబడి, వెనక్కి వచ్చాడు.

"తౌకే," అన్నాడు, ఎటో చూస్తూ. "నీ షెడ్డులో చిన్న కార్లు ఇంకేమైనా ఉన్నాయా?"